షుగర్ పుండుకు మొదటి సూది వేసే ముందు: ఆర్‌ఎంపీలకు ఒక బహిరంగ లేఖ

గ్రామీణ వైద్య మిత్రులకు నమస్కారం.

నేను ఒక ప్రభుత్వ బోధనాసుపత్రిలో మైక్రోబయాలజీ డాక్టర్ని. మనం ఎదురుపడే అవకాశం తక్కువ. ఆ మాటకొస్తే నేను రోగిని చూసేదే అరుదు. నా బల్ల మీదికి వచ్చేది చిన్న సీసాలో ఒక కండ ముక్క, దానికి అంటించిన చీటీ. అయినా మీ పెట్టెలో ఏ మందులున్నాయో నాకు బాగానే తెలుసు. ఊళ్లలో ఏ మందు ఎక్కువ నడుస్తుంటే దానికి లొంగని క్రిములే కదా నా ప్లేట్ల మీద పెరిగేది!

ఈ లేఖ షుగర్ రోగుల పాదాల గురించి మాత్రమే. జ్వరాలు, విరేచనాలు, సెలైన్ బాటిళ్ల జోలికి పోను. వాటి మీద మీకూ మాకూ ఉన్న తగాదాలు ఒక్క ఉత్తరంలో తేలేవి కావు.

చట్టం సంగతి ముందే చెప్పేస్తాను, దాచి లాభం లేదు. జాతీయ వైద్య కమిషన్ చట్టం, 2019లోని 34వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ లేకుండా వైద్యం చేస్తే ఏడాది దాకా జైలు, లేదా 5 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. యాంటీబయాటిక్ ఇచ్చే హక్కు మీకు లేదు. మా డాక్టర్లు చాలామంది ఈ ముక్క చెప్పి అక్కడితో ఆగిపోతారు. నాకు అక్కడ ఆగడం కుదరదు, ఎందుకంటే రాత్రి తొమ్మిదింటికి కాలు వాచిన మనిషి తట్టేది మీ తలుపే. ఉమ్మడి రాష్ట్రంలో రాజశేఖర రెడ్డి ప్రభుత్వం మీకు శిక్షణ ఇచ్చి కమ్యూనిటీ పారామెడిక్కులను చేస్తామంది. తర్వాత రెండు రాష్ట్రాల్లోనూ ఆ మాట ఎన్నికల ముందు లేస్తుంది, ఆ తర్వాత పడుకుంటుంది. ఆ వాదన తేలేదాకా కాళ్లు ఆగవు కదా.

షుగర్ పుండుతో వచ్చిన మనిషి చెప్పే మొదటి మాట మీకు కంఠతా వచ్చే ఉంటుంది: "నొప్పేం లేదండీ, కాస్త చీము పడుతోంది, ఓ ఇంజక్షన్ వేయండి." నొప్పి లేదనగానే ఆయనకీ ధైర్యం, మీకూ ధైర్యం. మోసం అక్కడే ఉంది. ఏళ్ల తరబడి షుగర్ అదుపులో లేకపోతే పాదాల్లో నరాలు చచ్చుబడతాయి. చెప్పులో దిగిన మేకు, గట్టు మీద గుచ్చుకున్న తుమ్మముల్లు, మడమ పగులు, బ్లేడుతో కోసుకున్న ఆనెకాయ, ఇవేవీ తెలియవు. నిద్రలో ఎలుక వేలు కొరికినా మెలకువ రాని వాళ్లున్నారు. దానికి తోడు కాలికి వెళ్లే రక్తనాళాలు పూడుకుపోయి ఉంటాయి. షుగర్ ఎక్కువగా ఉన్న ఒంట్లో తెల్లరక్తకణాలు కూడా సరిగా పోరాడవు. అందుకే లోపల ఎముక దాకా కుళ్లినా పైకి జ్వరం ఉండకపోవచ్చు, పెద్దగా ఎరుపూ కనిపించకపోవచ్చు.

దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్ ఉందని ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వే 2023లో లెక్క చెప్పింది. మీ వీధిలో షుగర్ బిళ్లలు వేసుకునేవాళ్లు ఎందరో నాకంటే మీకే బాగా తెలుసు.

ఇక ఆ ఇంజక్షన్ సంగతి. చాలా ఊళ్లలో నడిచే పద్ధతి దాదాపు ఒకటే. సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్ ఒక గ్రాము, దాంతో నొప్పికి డైక్లోఫెనాక్, పనిలో పనిగా డెక్సా అనే స్టెరాయిడ్ ఒకటి. ఇలా మూడు రోజులు. తర్వాత సెఫిక్సిమ్ బిళ్లలు ఐదు రోజులకు, అందులో రోగి మింగేది మూడు రోజులవి. పుండు మీద హైడ్రోజన్ పెరాక్సైడ్ పోసి నురుగు రప్పించి, పౌడరు చల్లి, దూది పెట్టి కట్టు.

వీటిలో నాకు ఎక్కువ కోపం డెక్సా మీద. స్టెరాయిడ్ పడగానే వాపు, ఎరుపు ఒక్క రోజులో దిగినట్టు కనిపిస్తాయి. "మీ హస్తవాసి మంచిదండీ" అని రోగి దండం పెట్టి వెళ్తాడు. ఇంటికెళ్లాక షుగర్ మూడొందలు దాటుతుంది, ఇన్ఫెక్షన్ కండరాల పొరల వెంట చీలమండ వైపు పాకుతుంది. ఐదో రోజుకి వేలు నల్లబడుతుంది. ఈ లేఖలో మీకు ఏదీ నచ్చకపోయినా సరే, షుగర్ పుండున్న మనిషికి డెక్సా ఒక్కటి మానేయండి.

పెరాక్సైడ్ నురుగు చూసి క్రిములు చస్తున్నాయని రోగులు మురిసిపోతారు. మన రక్తంలో, కణాల్లో కేటలేజ్ అనే ఎంజైము ఉంటుంది. అది పెరాక్సైడ్‌ను నీళ్లుగా, ఆక్సిజన్‌గా విడగొడితే వచ్చే బుడగలవి. కొత్తగా పుట్టుకొస్తున్న ఎర్రటి లేత కండను కూడా ఆ మందు దెబ్బతీస్తుంది. పుండు కడగడానికి సెలైన్ చాలు. పౌడరు చల్లితే పైన పెచ్చు కడుతుంది, కింద చీము నిల్వ ఉంటుంది.

సెఫ్ట్రియాక్సోన్ విషయం కాస్త వివరంగా చెప్పాలి. చచ్చిన కండలోకి రక్తం పోదు. రక్తం పోనిచోటికి మందు పోదు, వంద రూపాయలదైనా వేల రూపాయలదైనా. పైగా పుండు అడుగున క్రిములు ఒక జిగురు పొర కట్టుకుని దాని కింద కాపురం పెడతాయి. మేం బయోఫిల్మ్ అంటాం. మందు దాన్ని దాటి లోపలికి దిగడం కష్టం, కత్తితో గీకి తీయాల్సిందే. అందుకని కుళ్లు పట్టిన పాదానికి మొదటి వైద్యం సర్జన్ చేతిలో ఉంటుంది: చీము వదలాలి, చచ్చిన కండ తీసేయాలి, రక్తప్రసరణ ఎలా ఉందో చూడాలి. ఆ పని జరగకుండా సూదులు వేస్తూ పోతే మందుకు లొంగే క్రిములు చస్తాయి, మొండివి మిగులుతాయి, ఖాళీ అయిన చోటంతా వాటిదే అవుతుంది.

ఇంకో చిక్కుంది. మనలో చాలామంది పాఠం నేర్చుకున్న పుస్తకాలు చలి దేశాలవి. అక్కడ షుగర్ పుండ్లలో ఎక్కువగా దొరికేవి స్టాఫిలోకాకస్, స్ట్రెప్టోకాకస్. మన ఎండలో, మన బురదలో లెక్క వేరు. ఇక్కడి పుండ్లలో సూడోమొనాస్, క్లెబ్సియెల్లా, ఈ.కోలి, ప్రోటియస్ లాంటివి మెండు. కొన్ని తడి నేలలో, నీళ్లలో ఉండేవి, కొన్ని మన పేగుల్లోవి. స్టాఫిలోకాకస్ కూడా ఉంటుంది, ఒక్కో పుండులో రెండు మూడు రకాలు కలిసే ఉంటాయి. కట్టు విప్పగానే దూదికి పచ్చ రంగు అంటుకుని ఉంటే సూడోమొనాస్‌ని అనుమానించండి. గదిలో నిలబడలేనంత కుళ్లు కంపు కొడితే గాలి అక్కర్లేకుండా బతికే క్రిములు లోతుగా దిగాయని అర్థం. 2023 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు కూడా ఉష్ణదేశాల్లో ముదిరిన పుండ్లకు సూడోమొనాస్‌ను లెక్కలోకి తీసుకోమన్నాయి. ఇంతకీ సెఫ్ట్రియాక్సోన్ సూడోమొనాస్ మీద పనిచేయదు. రెసిస్టెన్స్ (మందుకు లొంగని గుణం) పెరిగాక పనిచేయడం మానేసిందనుకోకండి, ఆ క్రిమి పుట్టుకతోనే దానికి లొంగదు. పచ్చ చీముకి మూడు రోజులు సెఫ్ట్రియాక్సోన్ వేస్తే రోగికి మిగిలేది సూది నొప్పి, మూడు రోజుల ఆలస్యం.

మిగతావాటికి రెసిస్టెన్స్ ఎంత ఉందో మా ల్యాబులో చూస్తే తెలుస్తుంది. కండ ముక్క రాగానే ఒక భాగాన్ని గ్లాసు పలక మీద పూసి రంగు వేసి ఆ రోజే మైక్రోస్కోపు కింద చూస్తాం. మిగతాది క్రిములు పెరిగే జెల్లీ లాంటి అగార్ ప్లేట్ల మీద (రక్తం కలిపినది ఒకటి, మాకాంకీ అనేది ఒకటి) రుద్ది 37 డిగ్రీల ఇంక్యుబేటర్లో పెడతాం. మర్నాడు తలుపు తీసేసరికి ప్రోటియస్ ఉంటే వాసనే చెప్పేస్తుంది. ప్లేటు మీద అలలు అలలుగా పాకి పక్కవాటిని కప్పేసి ఉంటుంది. క్లెబ్సియెల్లా అయితే గులాబీ రంగులో, పుల్లతో లాగితే తీగ సాగేంత జిగురుగా ఉంటుంది. ఒక్కోదాన్ని విడదీసి ఇంకో ప్లేటు నిండా పరిచి, దాని మీద మందు ఇంకించిన కాగితపు బిళ్లలు పెడతాం. బిళ్ల వెడల్పు 6 మిల్లీమీటర్లు. మందు పనిచేస్తే బిళ్ల చుట్టూ ఏమీ పెరగని వలయం ఏర్పడుతుంది. మూడో రోజు పొద్దున్నే స్కేలు పెట్టి దాన్ని కొలుస్తాం. క్లెబ్సియెల్లాకి, ఈ.కోలికి సెఫ్ట్రియాక్సోన్ వలయం 23 మిల్లీమీటర్లు, ఆపైన ఉంటే మందు పనికొస్తుందని రాస్తాం. 19, అంతకంటే తక్కువైతే పనికిరాదని. పల్లెల నుంచి వచ్చే పాదాల విషయంలో నేను చూసే చాలా ప్లేట్ల మీద అసలు వలయమే ఉండదు. క్రిములు బిళ్ల అంచుదాకా వచ్చి ఆనుకుని ఉంటాయి. కొలత రాసే గడిలో 6 అని వేస్తాం, అది కాగితం వెడల్పు.

ఇదేదో ఈ మధ్య పుట్టుకొచ్చిన గొడవ అనుకోకండి. ఢిల్లీ ఎయిమ్స్ వాళ్లు 80 మంది షుగర్ పుండ్ల రోగులను పరీక్షించి 2006లో ప్రచురించిన అధ్యయనంలో 72 శాతం మందిలో పలు మందులకు లొంగని క్రిములు దొరికాయి. అప్పటికింకా ఎన్‌డీఎం అనే జన్యువు పేరు ఎవరూ వినలేదు. ఢిల్లీలో వైద్యం చేయించుకుని స్వీడన్ వెళ్లిన ఒక రోగి నుంచి తీసిన క్లెబ్సియెల్లాలో 2008లో దాన్ని కనుక్కున్నారు. పేరులో న్యూఢిల్లీ ఉందని 2010లో మన దగ్గర పెద్ద రగడే జరిగింది. రగడ సద్దుమణిగింది, జన్యువు మాత్రం ఆసుపత్రి ఆసుపత్రికీ పాకింది. అది ఉన్న క్రిమికి మెరోపెనెమ్ లాంటి పెద్ద యాంటీబయాటిక్ కూడా పనిచేయదు. అప్పుడు మా ఫిజీషియన్లు కొలిస్టిన్ తీస్తారు. మూత్రపిండాలను దెబ్బతీస్తుందని 1970లలో పక్కన పెట్టేసిన పాత మందు అది. షుగర్ వల్ల ఇప్పటికే మూత్రపిండాలు దెబ్బతిని రక్తంలో క్రియాటినిన్ రెండు దాటిన మనిషికి ఆ మందు ఎక్కించాలంటే కాలు కోసం కిడ్నీని పందెం కాసినట్టే. కొన్నిసార్లు సర్జన్ అంతదూరం వెళ్లడు, మోకాలి కిందికి కాలు తీసేస్తాడు. అదే ఆ రోగికి సురక్షితమైన దారి కావచ్చు కూడా.

నేరమంతా మీ నెత్తిన వేసి చేతులు దులుపుకోను. ఆపరేషన్ అయ్యాక అవసరం లేకున్నా పది రోజులు యాంటీబయాటిక్ రాసే సర్జన్లు మాలో ఉన్నారు. నమూనాను కల్చర్ పరీక్షకు పంపకుండానే మెరోపెనెమ్‌తో మొదలెట్టే పెద్దాసుపత్రులున్నాయి. కోళ్ల మేతలో కొలిస్టిన్ కలపడం 2019లో నిషేధించేదాకా మామూలు వ్యవహారమే. పటాన్‌చెరు దగ్గర మందుల ఫ్యాక్టరీల మురుగును శుద్ధి చేసే ఉమ్మడి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీళ్లలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు తేల్చారు. మందు మింగిన మనిషి రక్తంలో ఉండేదానికంటే అది ఎక్కువ. అలాంటి నీళ్లలో బతకడం నేర్చిన క్రిమికి మీ పెట్టెలో మందు ఒక లెక్కా? అయితే ఆ ఫ్యాక్టరీని మీరూ నేనూ రేపు పొద్దున్నే మార్చలేం. ఇవాళ సాయంత్రం మీ ముందు కూర్చునే మనిషి విషయంలో మాత్రం మీరు చేయగలిగింది ఉంది.

ముందుగా రెండు చెప్పులూ విప్పించండి. చూపించడానికి వచ్చిన కాలే కాదు, రెండోదీ. వేళ్ల సందులు, అరికాలు, మడమ. ఎరుపు, వాపు, వేడి, చీము ఇవేవీ లేని పుండు అయితే అది ఇన్ఫెక్షన్ లేని పుండు. దానికి యాంటీబయాటిక్ అసలు వద్దు. సూది వద్దు, బిళ్లలూ వద్దు. సెలైన్‌తో కడిగి, శుభ్రమైన గాజ్ గుడ్డతో కట్టు కట్టి, ఆ కాలి మీద బరువు మోపవద్దని ఇంట్లోవాళ్లకు కూడా చెప్పండి. షుగర్ చూసి, రెండు మూడు రోజుల్లోపే డాక్టరుకు చూపించమనండి.

ఇది చెప్పడం నాకు సులువు, మీకు కష్టం. తెలుసు. సూది వేయకపోతే ఆ మనిషి పక్క వీధి ఆర్‌ఎంపీ దగ్గరికి పోతాడు, అతను వేస్తాడు, పేరు అతనికి. మీ ఆదాయం సూదితో ముడిపడి ఉంది, చూసినందుకు మీకెవరూ డబ్బివ్వరు. అలాంటప్పుడు కట్టు కట్టినందుకు తీసుకోండి. నేను మాట్లాడిన రోగుల బంధువుల్లో ఎవరూ కట్టుకిచ్చిన డబ్బు గురించి బాధపడలేదు. బాధపడింది సూదులతో గడిచిపోయిన రోజుల గురించి.

పుండు చుట్టూ ఎరుపు రెండు సెంటీమీటర్లు దాటినా, చీము, నలుపు, కుళ్లు కంపు ఉన్నా, ఎముక కనిపించినా, చర్మం నొక్కితే కింద గాలి బుడగల్లా చిటపటమన్నా, జ్వరం, వణుకు, మగత ఉన్నా అది మీ దగ్గర ఆగే కేసు కాదు. తెల్లారేదాకా కూడా ఆగదు. ఆ రాత్రే పంపండి. పంపే ముందు "ఊరికే ఒక డోసు" అని వేయకండి. యాంటీబయాటిక్ పడ్డాక తీసిన నమూనాలో ఒక్కోసారి ఏమీ పెరగదు. రిపోర్టులో "నో గ్రోత్" అని వస్తే క్రిములు లేవని కాదు, మందు దెబ్బకు ప్లేటు మీద లేవలేకపోయాయని. అప్పుడు డాక్టర్లు గుడ్డిగా వైద్యం చేయాలి. అలాగే పై చీములో దూదిపుల్ల ముంచి ప్రైవేటు ల్యాబుకు పంపడం కూడా వద్దు. పైపైన ఉండే ప్రతి క్రిమీ అందులో పెరుగుతుంది, లోపల నిజంగా కండను తింటున్నది ఏదో తెలియదు. పుండు కడిగి, పై కుళ్లు తీసేసి, అడుగు నుంచి తీసిన కండ ముక్కే మాకు కావాలి. అది సర్జన్ చేయాల్సిన పని.

పుండు పడకముందే చేయగలిగింది ఇంకొకటి ఉంది, పైసా ఖర్చు లేనిది. షుగర్ ఉన్న మనిషిని కళ్లు మూసుకోమనండి. రెండు పాదాల్లోనూ బొటనవేలు, మధ్యవేలు, చిటికెనవేలు కొసలను మీ చూపుడువేలితో ఒకటి రెండు క్షణాలు తేలిగ్గా తాకండి. నొక్కకూడదు, గీకకూడదు. తాకినప్పుడల్లా చెప్పమనండి. ఆరింటిలో రెండు, అంతకు మించి తెలియకపోతే ఆ పాదాలకు స్పర్శ తగ్గిందని లెక్క. ఆ మనిషి ఇంట్లో కూడా చెప్పుల్లేకుండా తిరగకూడదు. వేళ్ల మధ్య పట్టీ ఉన్న హవాయి చెప్పులు కాదు, వెనక పట్టీ ఉన్న మెత్తటి ఎంసీఆర్ (మైక్రో సెల్యులార్ రబ్బరు) చెప్పులు కొనమనండి. వేడినీళ్ల కాపడం, కాళ్ల దగ్గర నిప్పుల కుంపటి వద్దనండి. కార్తీకం వచ్చాక అయ్యప్ప మాల వేసుకునేవాళ్లలో షుగర్ ఉన్నవాళ్లు ఎందరుంటారో మీరే చూస్తుంటారు. నలభై ఒక్క రోజులు వట్టి కాళ్లతో, తర్వాత పంబ నుంచి కొండెక్కడం. మీ ఊరి గురుస్వామితో ఒక్క మాట మాట్లాడండి. స్పర్శ లేని కాళ్లకు చెప్పులు వేసుకునే మినహాయింపు ఆయన నోటి నుంచి వస్తే భక్తులు వింటారు, నా మాట వినరు.

మందుల షాపు కూడా నడిపేవాళ్లకు ఒక మాట. సెఫ్ట్రియాక్సోన్, సెఫిక్సిమ్, మెరోపెనెమ్ లాంటివి 2014 మార్చి 1 నుంచి షెడ్యూల్ హెచ్1 కింద ఉన్నాయి. చీటీ లేకుండా అమ్మకూడదు. రాసిన డాక్టరు పేరు, చిరునామా, రోగి పేరు, మందు పేరు, ఎంత ఇచ్చారో రిజిస్టర్లో రాసి మూడేళ్లు దాచాలి. ఆ రిజిస్టరు చాలా షాపుల్లో తనిఖీ రోజున రాసేదే అని మీకూ తెలుసు, డ్రగ్ ఇన్‌స్పెక్టరుకూ తెలుసు.

ఈ లేఖ వైద్య ఆరోగ్య శాఖలవాళ్ల కళ్లబడితే వాళ్లకూ రెండు ముక్కలు. కేరళ 2018లోనే రాష్ట్రానికి సొంత కార్యాచరణ ప్రణాళిక వేసుకుంది, 2024లో 'ఆపరేషన్ అమృత్' పేరుతో చీటీ లేకుండా యాంటీబయాటిక్ అమ్మే షాపుల మీద దాడులు చేసింది. దాడులు మనమూ చేయగలం. కానీ దాడి చేసి ఆర్‌ఎంపీ షట్టర్ దించితే ఆ రాత్రి ఆ కాలు ఎక్కడికి పోవాలో కూడా చెప్పాలి. టీబీ కఫం నమూనాలు మండలాల నుంచి పరీక్షకు వెళ్తున్నాయి, తెలంగాణ డయాగ్నొస్టిక్స్ బళ్లు పీహెచ్‌సీల నుంచి రక్తం నమూనాలు పట్టుకెళ్తున్నాయి. అదే దారిలో ఏరియా ఆసుపత్రి నుంచి ఒక కండ ముక్క జిల్లా ల్యాబుకు రావడానికి అడ్డేమిటి? వారానికి ఒక పూట ప్రతి సీహెచ్‌సీలో (సామాజిక ఆరోగ్య కేంద్రంలో) పాదాల క్లినిక్ పెట్టండి, పుండు శుభ్రం చేయడం వచ్చిన ఒక సర్జన్, కట్టు కట్టడం వచ్చిన ఒక నర్సు ఉంటే మొదలెట్టొచ్చు. ఆర్‌ఎంపీలను సగం డాక్టర్లుగా తయారుచేసే శిక్షణ మీద నాకు నమ్మకం లేదు. ఏ పాదాన్ని ముట్టుకోకుండా పంపాలో నేర్పే ఒక్క పూట శిక్షణ మీద ఉంది.

మళ్లీ మీ దగ్గరికే వస్తాను. మీరు ఇప్పటికే ఏదో ఒక మందు ఇచ్చేసి ఉంటే, భయపడి దాచకండి. తెల్ల కాగితం మీద ఇంత రాసి రోగి చేతికివ్వండి: రోగి పేరు, వయసు, ఏ కాలు, పుండు ఎన్నాళ్లుగా, ఏ ఇంజక్షన్, ఎన్ని డోసులు, చివరి డోసు ఏ రోజు ఎన్నింటికి, డెక్సా వేశారా లేదా, చూసినప్పుడు షుగర్ ఎంత. మీ పేరు రాయనక్కర్లేదు. ఆ కాగితాన్ని నమూనాతో పాటే ల్యాబుకు పంపమని మా వార్డు డాక్టర్లకు చెప్పి పెట్టాను. "నో గ్రోత్" వచ్చిన రోజున దాన్ని పక్కన పెట్టుకునే రిపోర్టు రాస్తాను.

పల్లెలో పరిస్థితి తెలియక నేను తప్పు రాశాననిపించిన చోట మీరూ బహిరంగంగానే జవాబు రాయండి. ముఖ్యంగా రాత్రిపూట 108 దొరకని ఊళ్లలో "ఆ రాత్రే పంపండి" అన్న నా మాట ఎలా కుదురుతుందో, కుదరకపోతే ఏం చేస్తున్నారో నాకు తెలియాలి.

ఇట్లు,
ఒక ప్రభుత్వ బోధనాసుపత్రి మైక్రోబయాలజీ డాక్టరు